గోడలో దిగిన వైరు

ఆర్విడ్ ఓడలో ఇంజను గది మనిషి. వసంతంలో సముద్రమంతటి సరస్సు మీద మంచు పగలగానే వెళ్ళినవాడు మళ్ళీ జనవరిలో అది గడ్డకట్టాకే ఇంటికి వస్తాడు. మధ్యలో ఇనుప ఖనిజం ఎత్తుకోవడానికి ఓడ తమ ఊరు డులూత్ రేవుకి వచ్చినప్పుడు, వీలు చిక్కితే కొండెక్కి ఇంటికి వచ్చి ఒక పూట ఉండి పోతాడు. పెళ్ళయిన నాటినుంచీ వాళ్ళ కాపురం ఇంతే. ఆ ఊళ్ళో అలాంటి కాపురాలు చాలానే ఉన్నాయి గనక ఎవరూ వింతగా చూడరు. అతని భార్య మార్లిస్ కూడా తనకి అలవాటైపోయిందనే చెబుతుంది.

అక్టోబరులో అలా వచ్చిన పూటే అతను టీవీ పని మొదలుపెట్టాడు. కొత్త టీవీ వేసవి నుంచీ ముందుగదిలో గోడకి ఆనించి ఉంది. దాన్ని ఫైర్‌ప్లేస్ పైన ఎక్కించాలనీ, వైర్లు కంటికి కనబడకూడదనీ ఇద్దరి కోరిక. ప్లగ్గు పాయింటు ముందే ఎలక్ట్రీషియన్ వచ్చి పైన పెట్టి వెళ్ళాడు. మిగిలిన కేబుల్ వైరుకి మంట వేడి తగలకుండా గోడలోనే పక్కకి మళ్ళించి, ఇటుకలు దాటాక ఎడమవైపు అలమరలోకి దింపాలని ఆర్విడ్ ఆలోచన. గోడకి ఇనప చట్రం బిగించాడు, వైరుని ఎడమ మూల దాకా లాగాడు, పైన ఒక కన్నం, అలమరలో ఒక కన్నం చేశాడు. అంతలో ఫోను వచ్చింది. ఓడ నిండడం అనుకున్నదానికంటే ముందే అయిపోయిందట.

"జనవరిలో వచ్చి పూర్తి చేస్తాలే. ఎవరినీ చెయ్యి పెట్టనివ్వకు" అన్నాడు గుమ్మంలో బూట్లు తొడుక్కుంటూ.

ఆమె పెట్టనివ్వలేదు. పై కన్నంలోంచి చలిగాలి వస్తుంటే అతని పాత మేజోడు ఒకటి కుక్కింది. వైరు గోడ మీద వేలాడుతూనే ఉంది. ఆర్విడ్ అక్క డోరిన్ వచ్చినప్పుడల్లా దాన్ని చూసి విసుక్కునేది. తెలిసిన పనివాడున్నాడు, ఒక్క గంటలో ముగించేస్తాడు, పిలవనా అని అడిగేది. మార్లిస్ వద్దనేది.

"బాగుంది వరస. మా తమ్ముడు ఓడని కట్టుకున్నాడు, నువ్వు గోడని కట్టుకున్నావు" అంది డోరిన్ ఒకసారి. మార్లిస్ నవ్వి ఆమెకి ఇంకాస్త కాఫీ పోసింది.

ఆమెకి కావలసింది టీవీ కాదు. అతను ముక్కాలిపీట ఎక్కి మూలుగుతూ, జుట్టునిండా గోడ పొడితో, అది ఇటివ్వు ఇది అటివ్వు అని కేకలేస్తూ ఆ గదిలో తిరగాలి. శరదృతువంతా ఆమె దానికోసమే ఎదురుచూసింది.

జనవరి వచ్చింది. ఆ ఏడాది ఓడ డులూత్‌లో ఆగలేదు. మరమ్మతులకని దూరాన ఉన్న స్టర్జన్ బే ఓడల యార్డుకి వెళ్ళింది. పెద్ద ఇంజనీరుకి గుండె ఆపరేషన్ కావడంతో, ఆ ఇంజను సంగతి తెలిసినవాడని ఆర్విడ్‌ని అక్కడే ఆపేశారు. ఇంకో నెల పట్టేలా ఉందని అతను ఫోనులో వాతావరణం చెప్పినట్టు చెప్పాడు. ఆమె సరేనంది. తిండి బాగుందా అని అడిగి ఫోను పెట్టేసింది. ఆ తర్వాత చాలాసేపు కుర్చీలోంచి లేవలేదు.

ఆదివారం మధ్యాహ్నం అతనే మళ్ళీ ఫోను చేశాడు. ఈవేళ తనకి సెలవనీ, తను చెబుతుంటే ఆ వైరు పని ఆమే చెయ్యవచ్చనీ అన్నాడు. ఫోను అలమర మీద పెట్టి, స్పీకరు నొక్కి, మార్లిస్ పీట ఎక్కింది. దారానికి ఒక బరువైన నట్టు కట్టి పై కన్నంలోంచి గోడలోకి వదలమన్నాడు. కింది కన్నంలో చెయ్యిపెట్టి అందుకుంటే, ఆ దారానికి వైరు కట్టి లాగెయ్యడమే.

ఆమె వదిలింది. నట్టు జారుతూ వెళ్ళి కింద ఆగింది. పీట దిగి అలమరలో చెయ్యి పెడితే తిన్నగా అరచేతిలోకి వచ్చింది.

"అందిందా?" అన్నాడు.

"లేదు. ఎక్కడో చిక్కుకున్నట్టుంది."

"తొందరేం లేదు. కాస్త కదుపుతూ ఉండు."

ఆమె నట్టుని గుప్పిట్లో పట్టుకుని నేలమీద కూర్చుంది. అతను మాట్లాడుతూనే ఉన్నాడు. ఇంజను ఆగిన ఓడలో నిద్ర పట్టడం లేదన్నాడు. అన్నేళ్ళుగా ఆ మోతలోనే పడుకున్నవాడికి నిశ్శబ్దం చెవిలో ఏదో దూరినట్టుందన్నాడు. సరస్సుల్లో పండే అడవి బియ్యంతో వంటవాడు చేసే సూపు ఎలా ఉంటుందో చెప్పి, ఆమె చేసేది గుర్తొస్తోందన్నాడు. ఇంట్లో ఉన్నప్పుడు అతను ఎన్నడూ ఇన్ని మాటలు మాట్లాడలేదు. అతను మధ్యమధ్య అందిందా అని అడుగుతున్నాడు. ఆమె ఇంకా లేదంటోంది. కిటికీలో వెలుగు తగ్గింది.

"మార్లీ" అన్నాడు చివరికి. "నట్టు కింద చెక్కకి తగిలిన చప్పుడు నాకు ఎప్పుడో వినబడింది."

ఆమె గుప్పిట తెరిచి నట్టుకేసి చూసింది.

"మరి చెప్పలేదేం?"

"నువ్వు చెప్పలేదుగా."

తర్వాత ఇద్దరూ కలిసి వైరు దింపారు. అతను చెబుతుంటే ఆమె లాగింది.

మర్నాడు డోరిన్ వచ్చి ఒక పక్క పట్టుకుంది. టీవీని చట్రానికి తగిలించారు. హాకీ ఆట వస్తోంది. గోడ మీద ఒక్క వైరూ కనబడటం లేదు. డోరిన్ మెచ్చుకుని, ఇక నీకు పట్టపగ్గాలుండవు అని వెళ్ళిపోయింది. మార్లిస్ ఆ నున్నటి గోడ ముందు కూర్చుంది. ఇంట్లో ఇక అతనికోసం ఆగి ఉన్న పని ఏదీ లేదు. ఆట సగంలో ఉండగానే టీవీ కట్టేసింది.

ఆమె బడి వంటశాలలో పనిచేస్తుంది. అక్కడికి ఫోను చేసి సెలవు కావాలంది. యార్డు ఆడవాళ్ళు వచ్చే చోటు కాదని ఆర్విడ్ పెళ్ళయిన కొత్తలో ఒకసారి అన్నాడు. ఆ తర్వాత ఆమె అడగలేదు, అతనూ రమ్మనలేదు. మర్నాడు సూపు వండి ఫ్లాస్కులో పోసుకుని, మంచు తవ్వి కారు బయటికి తీసింది. పొద్దున్న బయలుదేరితే సాయంత్రానికి గాని చేరని దారి. దారంతా వెనక్కి తిరిగిపోదామా అనుకుంటూనే నడిపింది.

గేటు దగ్గర కాపలా ముసలాయన లోపలికి ఫోను చేశాడు. కాసేపటికి ఆర్విడ్ నూనె మరకల బట్టల్లోనే మంచులో గబగబా వచ్చాడు. కారులో కూర్చుని తలుపు వేసుకున్నాడు. అతని ముఖంలో భయం కనబడింది.

"ఏమైంది? ఎవరికైనా ఏమైనా..."

"ఎవరికీ ఏం కాలేదు. టీవీ బాగా వస్తోంది."

"అది చెప్పడానికి ఇంత దూరం వచ్చావా?"

"అవును" అంది.

అతను ఆమెకేసి చూసి, ఇంకేమీ అడగకుండా ఆమె ఫ్లాస్కు మూతలో పోసిచ్చిన సూపు తాగాడు. ఇంకో మూత నింపమన్నాడు. ఫోనులో పొద్దుగూకేదాకా మాట్లాడుకున్న ఇద్దరికీ ఇప్పుడు మాటలు తోచలేదు. గంటలో మళ్ళీ డ్యూటీ ఎక్కాలన్నాడు. అద్దాలకి ఆవిరి పట్టింది. అతను ఆమె చెయ్యి తీసుకుని తన ఒళ్ళో పెట్టుకున్నాడు. కారు ఇంజను సన్నగా మోగుతుంటే అలాగే నిద్రపోయాడు.

గంట గడిచాక ముసలాయన వచ్చి అద్దం మీద తట్టాడు. మార్లిస్ ఖాళీగా ఉన్న చేత్తో అద్దం మీది ఆవిరి కొంచెం తుడిచి, ఇంకాస్సేపు అన్నట్టు వేలు చూపించింది. ఆయన లోపలికి తొంగిచూసి, తల ఊపి, గేటు వైపు వెళ్ళిపోయాడు.