తువ్వాలు కింద వేళ్లు

ఆ ముసలాయన్ని చూడగానే నాకు ఒళ్లు మండింది.

గుంటూరులో షోగీ, అదే జపాన్ చదరంగం, ఆడేవాళ్లం పట్టుమని పదిమందిమి లేం. ఆ ఆదివారం ఫైనల్లో గెలిచినవాళ్లకే జపాన్ పోటీకి ప్రయాణం. నాలుగేళ్లుగా దానికోసమే కాచుక్కూర్చున్నాను. ఎదురుగా కోటేశ్వరి మేడం, కాలేజీలో ఫిలాసఫీ ప్రొఫెసర్. పక్క కుర్చీలో ఆవిడ నాన్న చెంచయ్య. నల్ల కళ్లద్దాలు, చెవిలో మిషను. మేడం ఎడమచెయ్యి ఆయన చేతిలో ఉంది. పైన ఒక తువ్వాలు.

మాది మిర్చి పండించే ఇల్లే గానీ, చిన్నప్పుడు తాతతో అద్దంకి ఎడ్ల సంతకు తిరిగినవాణ్ణి. అక్కడ ధర నోటితో చెప్పరు, తువ్వాలు కింద వేళ్లు నొక్కి చెప్తారు. చెంచయ్య ముప్పై ఏళ్లు ఆ సంతలో దళారీ. ఇంకేం కావాలి? నేను ఎత్తు వేయగానే తువ్వాలు కదిలేది. ఆ తర్వాతే మేడం ఆడేవారు. మిషన్లో ఎవడో చెప్తున్నాడు, ఈయన వేళ్లతో కూతురికి అందిస్తున్నాడు. క్లాసులో నీతి గురించి గంటలు గంటలు చెప్పే మనిషి, ఛీ!

రిఫరీ ఫిలిప్ గారి చెవిన వేశాను. ఆ సంగతి తనకు తెలుసు, ముందు ఆట చూసుకోమన్నారు. ఓహో, ఈయనా వాళ్ల మనిషేనన్నమాట.

నిజానికి గెలుపు నావైపే మొగ్గింది. నా కళ్లు బల్లమీద నిలిస్తేగా! షోగీలో మనం చంపిన పావును మన పావుగా మళ్లీ దింపుకోవచ్చు. నొక్కింది మూడు వేళ్లా నాలుగా అని తువ్వాలు మడతలే చూస్తూ, చేతిలో ఉన్న బంటును ఓ ఖాళీ గడిలో టక్కున పెట్టాను.

మేడం బల్లవైపు చూసి ఆగిపోయారు. తువ్వాలు కదిలింది.

"బాబూ, ఆ వరసలో నీ బంటు ముందే ఒకటుంది గదయ్యా," అన్నాడు చెంచయ్య, నావైపు కాకుండా గోడవైపు తిరిగి.

ఒకే నిలువు వరసలో మన బంట్లు రెండుంటే ఆట పోయినట్టే. మొదటిరోజు నేర్పే నియమం అది.

"నాన్నకు ఆరేళ్లుగా చూపు లేదు వీరబాబూ. ఎవరు ఎక్కడ ఆడారో నేనే వేళ్లమీద చెప్తుంటాను," అన్నారు మేడం.

సిగ్గుతో నాకు తల లేవలేదు. పెద్దాయన మాత్రం కూతురి చెయ్యి వదల్లేదు. పిల్లాడు ఏదో పరధ్యానంలో పెట్టాడు, ఆ బంటు వెనక్కి తీసుకోనివ్వమ్మా అని ఆవిణ్ణి బతిమాలుతున్నాడు.