ఒటెంగ్ దుంపలు

"దుంపలు కాస్త ఎక్కువ వెయ్యి. నా దుంపల కోసమే వస్తున్నామన్నాడు పులే," అని చెప్పి ఒటెంగ్ పెరట్లో నిప్పు రాజేయడానికి వెళ్లాడు. బంగాళాదుంపల తొక్క తీస్తున్న అతని భార్య దిమకాత్సో చేతిలోని కత్తి క్షణం ఆగి, మళ్లీ కదిలింది.

దక్షిణాఫ్రికాలోని మహికెంగ్ ఊళ్లో ఆదివారపు విందు అంటే మగవాడు నిప్పుల మీద మాంసం కాల్చడం, నలుగురూ చుట్టూ చేరి అతణ్ణి పొగడడం. తక్కిన వంటకు పొగడ్త ఉండదు. "మగవాడిది నిప్పు, ఆడదానిది నీళ్లు," అనేది అత్తగారు. ఆ నీళ్లలోనే దిమకాత్సో ఉప్పు వేసి దుంపలను సగం ఉడికించేది. నీరు వార్చి, మూత బిగించి, అంచులు పొడిపొడిగా రేగేదాకా గిన్నెను కుదిపేది. ఆవిరి ఆరాక సెగలు కక్కే కొవ్వులో వెల్లుల్లితో పాటు వాటిని పరచి, ఓవెన్‌లో ఎర్రగా కాల్చేది. ఓవెన్ అంచు తగిలి మణికట్టు మీద పడిన మచ్చ ఆ వంటకు వేసిన ముద్ర. చివరికి ఒటెంగ్ లోపలికి వచ్చి, ఆ పళ్లేన్ని పట్టుకెళ్లి నిప్పు పక్కన పెట్టి, పటకారుతో రెండుసార్లు తిప్పేవాడు. అంతటితో అవి ఒటెంగ్ దుంపలయ్యేవి. భోజనానికి ముందు ప్రార్థనలో, "ఈ వంట చేసిన చేతులను దీవించు ప్రభూ," అనగానే స్నేహితులు అతని భుజం తట్టేవారు. చిరునామా తప్పిన పెళ్లిపిలుపులా ఆ దీవెన ఆమె పక్కనుంచే వెళ్లిపోయేది. సోమవారం ఆఫీసులో, "వంట చేసే మొగుడు దొరికాడు, అదృష్టవంతురాలివే," అనేవారు. ఆమె నవ్వి ఊరుకునేది. ఓర్పు గల స్త్రీని భూదేవితో పోలుస్తారు గాని, ఆ భూదేవే ఒకనాడు నిండుసభలో రెండుగా చీలిందన్న సంగతి పోల్చేవారికి గుర్తుండదు.

ఆమెలోని నేల చీలింది తన కోసం కాదు, భర్త స్నేహితుడైన పులే భార్య మొసిదీ కోసం. కిందటి విందు పులే ఇంట్లో జరిగింది. దుంపలు ఎలా చేయాలని మొసిదీ అడిగితే, ఒటెంగ్ తడుముకోకుండా, "ఏముంది చెల్లీ, పచ్చివే కోసి కొవ్వులో వేసి నిప్పు మీద పెట్టెయ్. అంతా చేతిలో ఉంటుంది," అన్నాడు. ఆ అమాయకురాలు అలాగే చేసింది. పైన బొగ్గు, లోపల పచ్చి. పులే అందరి ముందూ పళ్లెం తోసేశాడు. "వాడు మగాడై ఉండి చేస్తున్నాడు. నీకేం రోగం?" అన్నాడు. ఒటెంగ్ నవ్వాడు. చెత్తబుట్ట దగ్గర వంగి పళ్లెం గీకుతున్న మొసిదీ కళ్లు తుడుచుకోవడం దిమకాత్సో చూసింది. తన చేతి వంట మరో ఆడదాన్ని కొట్టే కర్ర అయిందని ఆమెకు ఆనాడు తెలిసింది.

అతిథులు వచ్చి నిప్పు చుట్టూ కూర్చున్నాక, దిమకాత్సో కడిగిన పచ్చి దుంపల బుట్ట, కత్తి, ఖాళీ పళ్లెం, కొవ్వు డబ్బా తెచ్చి భర్త పాదాల దగ్గర పెట్టింది.

"పులే అన్నయ్యా, మీ స్నేహితుడి పనితనం ఇవాళ మొదటినుంచీ చూడండి. మొసిదీ, నువ్వూ కుర్చీ లాక్కో. మళ్లీ తప్పు చేశావని తిట్లు తినకూడదు."

"మంచి మాట చెప్పావ్ వదినా," అన్నాడు పులే.

ఒటెంగ్ ఆమె చెవి దగ్గరకు వంగాడు. "లోపల ఉడికించినవి ఉన్నాయి కదా?"

"ఉన్నాయి. అవి నావి."

"పరువు తియ్యకు. తీసుకురా."

"మీ చేతివి ఉండగా నావెందుకండీ?" అని ఆమె మొసిదీ పక్కన కూర్చుంది.

నిప్పు చూసుకునేవాడి పటకారును మరొకడు ముట్టకూడదన్నది అక్కడి మర్యాద. మగవాళ్లు తమ గొప్ప కోసం కట్టుకున్న ఆ నియమమే ఒటెంగ్ చుట్టూ కంచె అయింది. సాయానికి ఎవరూ లేవలేదు. అతడు దుంపలు కోశాడు, వేలు కోసుకున్నాడు, కొవ్వులో వేశాడు, ఊదాడు, తిప్పాడు. ఈలోగా మాంసం ఎండి చెప్పుతోలులా తయారైంది. ఎన్ని యుగాలుగానో సాక్ష్యం చెబుతున్న అగ్నిదేవుడు ఒటెంగ్ కోసం ఆనాడు అబద్ధమాడలేదు.

వడ్డించాక అందరూ చేతులు కలిపారు. "ఇవాళ ప్రార్థన నేను చేస్తాను," అని దిమకాత్సో కళ్లు మూసుకుంది. "ప్రభూ, ఈ దుంపలు వండిన చేతులను, ఆ చేతులను మాత్రమే, గుర్తుపెట్టుకో."

అందరికంటే ముందు ఆమెన్ అన్నది మొసిదీ.

పులే కొరికాడు. కరకరమన్నది, పచ్చిగా. "ఒరేయ్, ఇదేంట్రా?"

"నిప్పు సరిగ్గా లేదు," అన్నాడు ఒటెంగ్.

"నిప్పుకేం, లక్షణంగా ఉంది," అని లేచింది దిమకాత్సో. "రా మొసిదీ, మన వంతు లోపల ఉంది."

వంటగది తలుపు మూసుకుంది. కాసేపటికి వెల్లుల్లి వాసన కిటికీలోంచి పెరడంతా పరచుకుంది. ఇద్దరూ బల్ల మీద కూర్చుని, పళ్లెం మధ్యలో పెట్టుకుని, వేళ్లతోనే తింటున్నారు.

పులే కిటికీ దగ్గరకు వచ్చాడు. "వదినా, మాకూ కాసిని పెట్టవా?"

"ఇవి ఎవరు చేశారో మీ స్నేహితుణ్ణి చెప్పమనండి. అప్పుడు పెడతాను."

పటకారు చేతిలో పట్టుకుని ఒటెంగ్ నేల చూశాడు. ఏదో గొణిగాడు.

"నాకు కాదు, మొసిదీకి చెప్పండి," అన్నది దిమకాత్సో, ఒక దుంపను మొసిదీ ముందుకు జరుపుతూ.

అతడు నిప్పులు కెలికాడు, బొగ్గులు ఒక పక్కకు జరిపాడు, పటకారు కింద పెట్టి కిటికీ దాకా వచ్చాడు. చివరికి, "దిమకాత్సో చేసింది చెల్లీ. ఎప్పుడూ తనే చేసేది. నీకు చెప్పింది అబద్ధం," అని అందరికీ వినపడేలా అన్నాడు.

అప్పటికి పళ్లెం ఖాళీ అయింది.