చప్పుడు లేని గది

కుక్కర్ కూత పెట్టబోతోందనగానే ఎల్లవ్వ ఉరికి స్టవ్ ఆర్పేసింది. సూరత్ లింబాయత్ బస్తీలోని ఆ ఒంటి గదిలో కొన్నాళ్లుగా అన్నం పలుకుగానే దిగుతోంది. మొగుడు లస్మయ్యకు నిద్ర పట్టాలని ఆమె తాపత్రయం. గల్లీలో ఆడే పిల్లలను కసిరింది. కిర్రుమనే ఫ్యాను ఆపేసి విసనకర్ర పట్టుకుంది. అయినా ఆ మనిషికి కునుకు పడితే ఒట్టు!

లాక్‌డౌన్‌తో కింద మరమగ్గాలు ఆగిపోయినప్పటి నుంచీ ఇదే వరస. మీసాలు రాని వయసులో సిరిసిల్ల నుంచి సూరత్ వచ్చాడు లస్మయ్య. రాత్రంతా మగ్గాలు నడిపి, పగలు వాటి మీది గదిలోనే గుర్రుపెట్టేవాడు. ఇప్పుడు తలుపు ఓరగా తీస్తే చాలు, కళ్లల్లో కారం పడ్డట్టు విలవిల్లాడుతున్నాడు. రెప్పలు ఎర్రబడ్డాయి, బుగ్గలు పీక్కుపోయాయి. కిటికీకి భార్య చీర కట్టుకుని గోడవైపు తిరిగి పడుకుంటున్నాడు.

కళ్లు బాగానే ఉన్నాయనీ, నిద్ర లేకే వెలుతురు గుచ్చుతోందనీ, దిగులూ దాంతోనే ముదిరిందనీ బస్తీ డాక్టరు చెప్పాడు. దాంతో ఎల్లవ్వ గదిని ఇంకా నిశ్శబ్దం చేసింది. అక్కడే పొరపాటు పడింది, పిచ్చితల్లి.

ఆ పొద్దున లస్మయ్య గోడతో చెప్పినట్టు అన్నాడు: "ఎందుకే ఈ బతుకు? నేను పోతే నీకన్న జర నిమ్మళమైతది."

"గట్లనకయ్యా, నీ కాల్మొక్త!" ఎల్లవ్వ బావురుమంది.

మధ్యాహ్నం పక్కింటి విజయశ్రీ మాస్కులు కుట్టే మోటారు మిషన్ మోసుకొచ్చింది. వాళ్లింట్లో ఫ్యూజు కాలిందట.

"వద్దు బిడ్డా, ఆయన పండుకోవాలె."

"బస్, జర సేపు చిన్నమ్మా. మాల్ అర్జెంట్‌గ పంపాలె."

మిషన్ దడదడలాడింది. నేల అదిరింది. ఎల్లవ్వ బిక్కుబిక్కుమంటూ మొగుడివైపు చూసింది. బిగుసుకున్న అతని భుజం మెల్లగా వాలింది. కాసేపటికి గురక!

ఇన్నేళ్లూ దడదడ మధ్య పడుకున్నవాడికి నిశ్శబ్దంలో నిద్రెలా పడుతుంది?

"ఆపకు బిడ్డా, నీకు పుణ్యముంటది!" ఎల్లవ్వ కళ్లు తుడుచుకుంటూ, నవ్వుతూ, గుడ్డముక్కలు అందించింది.

విజయశ్రీ వెళ్లిపోయినా అతను లేవలేదు. రాత్రంతా కాపలా కూర్చున్న ఎల్లవ్వ తెల్లారగట్ల కునికింది. కళ్లు తెరిస్తే మంచం ఖాళీ, తలుపు బార్లా. నిన్నటి మాట గుర్తొచ్చింది. చెప్పుల్లేకుండా బయటికి పరుగెత్తింది.

నిండు ఎండలో, నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, లస్మయ్య ఉల్లిగడ్డల బండి దగ్గర బేరమాడుతున్నాడు.

"ఏందే, గట్ల ఉరికొస్తున్నవ్? ఆకలైతుంది, అన్నం జర మంచిగ ఉడకపెట్టు."

ఎల్లవ్వ గదిలోకి వచ్చి మంచం మీద చెయ్యి వేసింది. దిండు నడుమ అతని తల చేసిన గుంట ఇంకా వెచ్చగానే ఉంది.