అన్న దుకాణంలో కొన్న సైకిలు

కొత్త సైకిలు కొనాలనుకున్న సంగతి మహిమ మొదట అన్నకు చెప్పలేదు. చెబితే నొచ్చుకుంటాడని భయపడింది.

అన్న జోయల్‌కు కరీంనగర్‌లో సైకిళ్ల దుకాణం ఉంది. మామూలు సైకిళ్లతోపాటు పందెం సైకిళ్లు కూడా అమ్ముతాడు. మహిమ శ్రీరాంపూర్‌లో బొగ్గు నమూనాలు పరీక్షించే ల్యాబులో పనిచేస్తూ, కంపెనీ క్వార్టర్‌లో ఒక్కతే ఉంటోంది. చిన్నప్పుడు చర్చి ఆవరణలో వెనక సీటు పట్టుకుని పరుగెత్తి, ఆమెకు సైకిలు నేర్పింది జోయలే. వాళ్ల బాపు పౌలు చనిపోయాక ఫీజు కట్టి చదివించిందీ అతనే.

మంచిర్యాల సైక్లింగ్ బృందంలో చేరాక ఆమె పాత సైకిలు వాళ్ల వేగాన్ని అందుకోలేకపోయింది. వంపు హ్యాండిలు, సన్నటి టైర్లు ఉన్న రోడ్ బైక్ కావాలనిపించింది. వెతగ్గా వెతగ్గా జర్మనీలోని ఒక ఆన్‌లైన్ దుకాణంలో తన ఎత్తుకు సరిపోయేది కనబడింది. కస్టమ్స్ సుంకం కలుపుకున్నా ఇక్కడి ధరకన్నా తక్కువే. ఆర్డర్ పెట్టేసింది.

రెండు రోజులాగి, మనసొప్పక అన్నకు ఫోన్ చేసి చెప్పింది.

"నా చెల్లె సైకిల్ జర్మనీకెళ్లి వస్తదా?" అన్నాడు జోయల్.

"కోపానికి రాకు అన్నా. నీ కాడ గీ సైజు లేదు కదా."

"కోపం కాదు బిడ్డా. అది డబ్బాల వస్తది. దాన్ల ఏదన్న పగిలుంటే ఎవర్ని అడుగుతవ్? ఆ తెల్లోడు శ్రీరాంపూర్ వస్తడా? ఆర్డర్ రద్దు చెయ్. వారం దినాలల్ల నీ సైజుదే నేను తెప్పిస్త. రేపు ఏమన్నయితే అన్న కాలర్ పట్టుకోవచ్చు కదా!"

మహిమ నవ్వింది. ఫోన్ పెట్టేసి ఆర్డర్ రద్దు చేసింది.

జోయల్ మాట నిలబెట్టుకున్నాడు. ముదురు నీలం రంగు, తేలికైన కార్బన్ ఫ్రేము ఉన్న సైకిలును తనే వ్యానులో తెచ్చి క్వార్టర్ ముందు దించాడు. సీటు ఎత్తు సరిచేసి, ఆమె ఒక చుట్టు తొక్కి వచ్చేదాకా చేతులు కట్టుకుని గర్వంగా నిలబడ్డాడు. నీళ్ల సీసా పెట్టుకునే పట్టీకి ఉన్న రెండు బోల్టుల్లో ఒకటి లావుగా కనిపిస్తే అదేమిటని అడిగింది. ఫ్యాక్టరీ నుంచి అట్లనే వచ్చిందన్నాడు. ఆమె ఇంకేం అడగలేదు.

ఆ చలికాలమంతా మహిమ ఆ సైకిలు మీదే తిరిగింది. ఎక్కడం ఆమెకు కష్టమే గానీ దిగడమంటే ప్రాణం. ఆసిఫాబాద్ దాటాక కెరమెరి ఘాట్ వస్తుంది. వెళ్లేటప్పుడు ఆ మలుపులన్నీ ఆయాసపడుతూ ఎక్కి, వచ్చేటప్పుడు హ్యాండిలు మీదికి వంగి, బ్రేకు మీద వేళ్లు ఊరికే ఆనించి దిగిపోయేది. బృందంలో మగవాళ్లు కూడా ఆమె వెనకే ఉండిపోయేవారు.

ఫిబ్రవరిలో ఆదిలాబాద్ సైక్లిస్టులు, మంచిర్యాల వాళ్లు కలిసి ఒక ఆదివారం ఘాట్ ఎక్కారు. పైన జైనూర్‌లో చాయ్ హోటలు దగ్గర ఆగారు. అందరూ సైకిళ్లు గోడకు ఆనించి కబుర్లలో పడితే, సాయిచంద్ అనే అతను మాత్రం మహిమ సైకిలు ముందు కూర్చుండిపోయాడు. అతను ఈ మధ్యే కరీంనగర్ నుంచి ఆదిలాబాద్ బ్యాంకుకు బదిలీ మీద వచ్చాడు.

"మేడం, గిది ఎక్కడ కొన్నరు?"

"కరీంనగర్ల."

"జోయలన్న దుకాణంలనా?"

"ఆయన మా అన్ననే. ఏమైంది?"

సాయిచంద్ లేచి నిలబడ్డాడు. చెప్పాలా వద్దా అన్నట్టు అటూ ఇటూ చూశాడు.

"గీ సైకిల్ నాదే మేడం," అన్నాడు నెమ్మదిగా. "అప్పుడు ఎర్ర రంగుండె. గీ లావు బోల్టు నేనే ఎక్కించిన, మర లూజైతే. నిరుడు లారీని తప్పించబోయి గుంతల పడ్డ. పెడళ్లు తిరిగే కాడ ఫ్రేము పగిలింది. గ్యారంటీ ఉండె కాబట్టి కంపెనీ కొత్త ఫ్రేము పంపింది. పాతది మళ్ల ఎవరూ తొక్కకుండ కోసి పారెయ్యాలన్నరు. కోస్తనని జోయలన్ననే ఉంచుకున్నడు."

మహిమ సైకిలును తిరగేసింది. పెడళ్ల ఇరుసు కింద చూపుడువేలు పెట్టి తడిమింది. నున్నటి నీలం రంగు కింద ఒకచోట ఎముక అతికినట్టు ఉబ్బుగా తగిలింది. అదే సైకిలు మీద ఆ ఘాట్‌లో తను ఎలా దిగిందో గుర్తొచ్చింది. చాయ్ హోటలు బల్ల మీద కూర్చుండిపోయింది.

ఆ రోజు ఆమె ఘాట్ దిగలేదు. బృందం సామాన్లతో వెంట వచ్చిన ట్రాలీ ఆటోలో సైకిలు పడేసుకుని, డ్రైవరు పక్కన కూర్చుని వచ్చింది.

మర్నాడు సెలవు పెట్టి కరీంనగర్ వెళ్లింది. పొద్దున పూట కాబట్టి దుకాణంలో జోయల్ ఒక్కడే ఉన్నాడు. ఆటోలోంచి సైకిలు దించుతున్న చెల్లెల్ని చూసి నవ్వుతూ ఎదురొచ్చాడు.

"సర్వీసింగా? ఫోన్ చేస్తే నేనే వద్దును గద."

"సాయిచంద్ కలిసిండు," అంది మహిమ.

అతని నవ్వు అక్కడే ఆగిపోయింది. సైకిలు అందుకుని స్టాండుకు ఎక్కించాడు. గుడ్డ తీసి, మట్టి లేని చోట తుడవడం మొదలుపెట్టాడు.

"హైదరాబాద్ల మంచి పనోనితోని అతికిపిచ్చిన. కొత్తదానికన్న గట్టిగుంటది. నువ్వు ఉత్తగ పరేషాన్ కాకు."

"మరి నాకెందుకు చెప్పలే?"

"చెప్తే తీసుకుంటుంటివా?"

ఆ మాట అంత తేలిగ్గా అంటాడని మహిమ అనుకోలేదు.

"నువ్వు ఆర్డర్ రద్దు చేసినంక నీ సైజుది కంపెనీ కాడ దొరకలే," అన్నాడు జోయల్, గుడ్డ ఆపకుండానే. "దుకాణం సంగతి నీకు తెల్వది. అందరు ఈడికొచ్చి తొక్కి చూస్తరు, కొల్చుకుంటరు, ఫోన్ల కొంటరు. నువ్వు సుత గట్లనే చేస్తివి. నువ్వే పోతే ఇంకెవడు వస్తడు నా కాడికి? అందుకే..."

"అన్నా, నేను అడిగేది ఒక్కటే. బండి మంచిగున్నదంటున్నవ్ కదా. నడువు, ఇద్దరం కెరమెరి పోదాం. నేను దిగినట్టే దీని మీద నువ్వు దిగు. దిగినవంటే నేను ఇంకో మాట మాట్లాడ. దీన్నే తొక్కుత."

జోయల్ సైకిలు వైపు చూశాడు.

"నాకు పిల్లలున్నరు మహిమా," అన్నాడు.

అన్నాక గానీ తనేమన్నాడో అతనికి తెలియలేదు. గుడ్డ చేతిలోంచి జారింది. "గట్ల కాదు చెల్లె, నేననేది..." అంటూ దగ్గరికి వచ్చాడు. మహిమ వెనక్కి జరిగింది. గోడకు వేలాడుతున్న ఇనుము కోసే రంపం తీసుకుని, స్టాండు మీదున్న ఫ్రేముకు ఆనించింది. కార్బన్ నల్లటి పొడిగా రాలి ఆమె చీర మీద పడింది. జోయల్ ఆపలేదు. ఫ్రేము రెండు ముక్కలయ్యాక రంపం బల్ల మీద పెట్టి బయటికి వచ్చేసింది.

సైకిలుకు తను కట్టిన పైకం ఆ సాయంత్రమే ఆమె ఖాతాలోకి తిరిగి వచ్చింది. ఆ తర్వాత వాళ్లు అవ్వా అని పిలిచే తల్లి ఎలీసబెతు ఫోన్లు మొదలయ్యాయి.

"అన్న అన్నం తింటలేడు బిడ్డా. తప్పయిందంటుండు. తోడబుట్టినోడు కదా, మాఫ్ చెయ్యరాదు?"

"నేనేమన్న అన్ననా అవ్వా?"

"ఏమనకపోతివి, గదే వాని బాధ."

నాకు పిల్లలున్నరని జోయల్ అన్న మాట అవ్వకు చెప్పడానికి మహిమకు నోరు రాలేదు. చెబితే అవ్వ కూడా కొడుకును వెనకేసుకొస్తుందేమో. అది చూడటం ఇంకా కష్టం.

జర్మనీ దుకాణంలో మళ్లీ ఆర్డర్ పెట్టింది. ఈసారి ధర పెరిగింది. సైకిలు కస్టమ్స్ దగ్గర నాలుగు వారాలు చిక్కుకుంది. వచ్చిన డబ్బాలో ఒక పెడలు లేదు. అడిగితే క్షమించమని రాసి విడిగా పంపారు. తిట్టుకుంది గానీ, ఆమెకు వాళ్ల వల్ల బాధ కలగలేదు.

బిగించే పని తనే మొదలుపెట్టిన ఆదివారం, చర్చిలో ఆరాధన ముగిసే వేళకు జోయల్ క్వార్టర్‌కు వచ్చాడు. చేతిలో పనిముట్ల పెట్టె ఉంది. అవ్వే చెప్పి ఉంటుంది. గడపలోనే నిలబడ్డాడు.

"లోపలికి రా," అంది మహిమ. కుర్చీ వేసి చాయ్ పెట్టి ఇచ్చింది. పిల్లల చదువు ఎట్లుందని అడిగింది. అతను జవాబులు చెబుతూనే నేల మీద పరిచి ఉన్న సైకిలు భాగాల వైపు చూస్తున్నాడు.

"నేను బిగిస్తనే. అర్ధ గంట పని."

"వద్దు. నేను చూసుకుంట."

జోయల్ చాయ్ తాగి లేచాడు. పెట్టె తీసుకుని గడప దాటాక వెనక్కి తిరిగాడు.

"సీటు గొట్టం కాడి బోల్టు మరీ గట్టిగ తిప్పకు. కార్బన్ పగుల్తది," అని వెళ్లిపోయాడు.

మహిమ తలుపు వేసి పానా అందుకుంది. బోల్టు మీద పెట్టి, మళ్లీ తీసేసింది. డబ్బాలో అడుగున ఉన్న సూచనల పుస్తకం వెతికి, బొమ్మలు చూసుకుంటూ ఆ బోల్టు గురించిన పేజీ తీసింది. అన్న చెప్పిందే అక్కడా ఉంది. అయినా నమ్మకం కుదరక, ఫోన్ తీసి జర్మనీ దుకాణం వాళ్లకు అదే ప్రశ్న రాసి, జవాబు కోసం నేల మీద కూర్చుంది.