యంత్రం అరుగెక్కిన రోజు

వాన ఎక్కడో పై కొండల్లో పడుతోంది. వీధిలో మాత్రం ఎండ కాస్తూనే ఉంది. అందుకే పొద్దున్నే మైకు కట్టుకున్న బండి వచ్చి, ఆనకట్ట తలుపులు ఎత్తుతున్నారనీ, చీకటి పడేలోగా పల్లపు వీధుల్లోకి నీళ్లు వస్తాయనీ చెప్పిపోతే సగంమంది నమ్మలేదు. అచ్చులమ్మ నమ్మింది.

ప్రెస్సు నడుపుతుంది కాబట్టి ఆమెకా పేరు. బోర్డు మీద ఉన్నది భర్త పేరే అయినా, అక్షరాలు పేర్చేదీ, యంత్రం తొక్కేదీ, తప్పు దొర్లితే మాట పడేదీ ఆమే. కాలితో తొక్కితే ఆడే పాతకాలపు ఇనుప యంత్రం అది. కిందటి వరదలో మోకాలిలోతు నీళ్లలో నానింది. తుప్పు గీకి గీకి ఆమె అరచేతులు పుళ్లు పడ్డాయి. బాగుచేసిన మెకానిక్కు వెళ్తూ వెళ్తూ, "ఇంకోసారి మునిగిందంటే నన్ను పిలవకమ్మా, పాత ఇనుము కొనేవాణ్ణి పిలువు" అని చెప్పిపోయాడు.

యంత్రం ఉన్న గది వీధికన్నా పల్లం. దాని వెనకాల, తలుపుకు అవతల కాగితాల గది. కాగితానికి చెమ్మ తగలకూడదని ఆ గది నేలను నడుమెత్తు అరుగులా కట్టారు. అంత ఎత్తుకు నీళ్లు ఎన్నడూ రాలేదు. యంత్రం ఆ అరుగెక్కితే చాలు.

హమాలీల మేస్త్రీ వచ్చి, యంత్రం చుట్టూ ఒకసారి తిరిగి, పెదవి విరిచాడు.

"పదిమంది గట్టివాళ్లు కావాలమ్మా. నా మనుషులంతా గోదాముల్లో బస్తాలు మోస్తున్నారు. సాయంత్రం ఖాళీ దొరికితే వస్తాను."

"సాయంత్రం అయితే పడవేసుకుని రావాలి నువ్వు" అంది అచ్చులమ్మ.

అతను నవ్వి వెళ్లిపోయాడు. నడుం పట్టేసి వారం నుంచి కుర్చీకి అతుక్కుపోయిన భర్త నిట్టూర్చాడు.

"వదిలెయ్యవే. అక్షరాల పెట్టెలు మాత్రం పైకి చేర్చుకుందాం."

"యంత్రం లేకుండా అక్షరాలేం చేసుకుంటాం? ఉప్పేసుకుని తింటామా?"

అన్నదే కానీ ఆమెకూ దారి తోచలేదు. సరిగ్గా అప్పుడు చీరకొంగు నడుముకు బిగించుకుంటూ ఆడపడుచు వచ్చింది. బళ్లో సైన్సు చెబుతుంది కనుక ఇంటాబయటా అందరికీ ఆవిడ పంతులమ్మే. వరద కబురుకి బడి మూసేశారు. జరిగినదంతా విని, అరుగునీ యంత్రాన్నీ మార్చి మార్చి చూసింది.

"ఎత్తడం ఎందుకు వదినా? ఎక్కిద్దాం."

"రెండూ ఒకటి కాదూ?"

"కాదు. నిండు బిందెతో మేడ మీదికి వెళ్లాలంటే గోడ పాకుతావా, మెట్లెక్కుతావా? ఎత్తు అదే. ఏటవాలుగా పోతే నడక ఎక్కువ, కష్టం తక్కువ. బల్ల ఎంత పొడుగుంటే బరువు అంత తేలిక."

"ఉడత ఊపులకు చింతకాయలు రాలవమ్మా" అన్నాడు కుర్చీలోంచి అన్నగారు.

"ఊపేది ఎవరన్నయ్యా? నెమ్మదిగా దొర్లిస్తాం. నువ్వు చూస్తూ ఉండు."

ముందు యంత్రాన్ని నేలకు పట్టించిన బోల్టులు విప్పారు. పంతులమ్మ గునపం మొన యంత్రం అడుగుకు దూర్చి, దాని కింద, యంత్రానికి బాగా దగ్గరగా ఒక ఇటుక పెట్టింది. అచ్చులమ్మ గునపాన్ని మధ్యలో పట్టుకుని నొక్కింది. యంత్రం ఉలకలేదు, పలకలేదు.

"అక్కడ కాదు వదినా. కొసకు పో. ఇటుకకు ఎంత దూరంగా ఉంటే నీకు అంత బలం."

కొసకు జరిగి ఒళ్లంతా మోపి నొక్కింది. యంత్రం మూల బొటనవేలంత పైకి లేచింది. అచ్చులమ్మ నొక్కడం ఆపకుండానే వంగి చూసింది. కాపరానికి వచ్చిన నాటి నుంచీ ఆ ఇనుము కింద వెలుతురు చూడలేదు ఆమె. ఒక్కదాని చేతి మీద లేచిందది.

మూల తరవాత మూల ఎత్తి, కింద మందపాటి చెక్కబల్ల దూర్చారు. బల్ల కింద నీళ్ల గొట్టాల ముక్కలు వరసగా పేర్చారు. ఇద్దరూ కలిసి తోస్తే యంత్రం గొట్టాల మీద దొర్లుకుంటూ పెళ్లికూతురిలా నెమ్మదిగా కదిలింది. వెనక నుంచి బయటపడ్డ గొట్టాన్ని తీసి ముందు వేయడం, మళ్లీ తోయడం. అరుగు దగ్గరికి చేరేసరికి ఇద్దరికీ నవ్వులే నవ్వులు.

ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. పక్కింటి వడ్రంగి రెండు బల్లలు తెచ్చి అరుగుకు ఆనించాడు. అవి పొట్టివి. నిచ్చెనలాగా నిటారుగా ఉన్నాయి. ముగ్గురూ పళ్ల బిగువున సగం దాకా తోశారు. ఒక బల్ల ఫెళ్లుమంది. వడ్రంగి పంతులమ్మను ఇవతలికి లాగాడు. యంత్రం సర్రున జారి వచ్చి నేలమీద ఆగింది. పంతులమ్మ మోచెయ్యి గీరుకుపోయింది.

"ఇక చాలు" అన్నాడు భర్త. "మనుషులు మిగిలితే అదే పదివేలు."

పంతులమ్మ గోడకు ఆనుకుని కూలబడింది. "బళ్లో బోర్డు మీద గీసి చెబుతాను వదినా. బొమ్మలో బల్ల ఎప్పుడూ విరగలేదు."

అచ్చులమ్మ ఆమె మోచేతికి తడిగుడ్డ చుట్టింది. చుడుతూనే గది ఈ కొస నుంచి ఆ కొసకు చూసింది. యంత్రం ఏ చక్రం ఎటు లాగుతుందో, ఏ మూల బరువో ఆమెకు తెలిసినంత ఎవరికీ తెలియదు.

"నువ్వు చెప్పింది తప్పు కాదు. బల్ల పొడుగుంటే తేలికన్నావు. మనం వేసింది పొట్టిబల్ల. చక్రం వైపు బరువెక్కువ, అదే విరిగింది." వడ్రంగి వైపు తిరిగింది. "ఇంటికప్పుకని తెచ్చిన దూలాలు ఉన్నాయి కదా నీ దగ్గర?"

"ఉన్నాయక్కా. కానీ ఈ గదిలో ఎలా పడతాయి? మధ్యలో ఆ కౌంటరు బల్ల ఉందిగా."

అందరూ కౌంటరు వైపు చూసి, వెంటనే కుర్చీలో ఉన్న పెద్దమనిషి వైపు చూశారు. ప్రెస్సు పెట్టిన కొత్తలో ఆయన స్వయంగా కూర్చిన బల్ల అది. గోడకు దిగ్గొట్టి కట్టాడు. దానిమీద ఎవరైనా తడి గ్లాసు పెడితే ఊరుకునేవాడు కాదు.

"చూస్తారేం? పగలగొట్టండి" అన్నాడాయన. "ఎడమవైపు అతుకులో కొట్టండి. అక్కడ మేకులు తక్కువ వేశాను."

వడ్రంగి అతుకులో సన్నమొన చెక్కముక్క పెట్టి సుత్తితో నాలుగు దెబ్బలు వేశాడు. మొన దూరిన కొద్దీ అతుకు నోరు తెరిచింది. కౌంటరు రెండుగా విడిపోయింది. దాని మందపాటి పైబల్లను చక్రం వైపు దూలానికి కింద దన్నుగా నిలబెట్టారు. దూలాలు గది ఈ గోడ నుంచి అరుగు దాకా పడుకున్నాయి. ఈసారి వాలు ఎంత మెల్లగా ఉందంటే చంటిపిల్ల కూడా పాకుతూ ఎక్కేయగలదు.

పంతులమ్మ లేచి పెరట్లోకి వెళ్లి బావి గిలక విప్పుకొచ్చింది. వడ్రంగి ఇంట్లోంచి ఇంకొకటి వచ్చింది. ఒకటి కాగితాల గది రాతిస్తంభానికి, మరొకటి యంత్రం బల్లకు కట్టి, రెండింటి మీదుగా తాడు తిప్పింది.

"రెండు బారలు లాగితే యంత్రం ఒక్క బారే వస్తుంది. అయితే మన చేతికి సగం బరువే తెలుస్తుంది."

"నాకూ ఒక పని చెప్పండి" అన్నాడు భర్త.

"నీ నడుమో?" అంది పంతులమ్మ.

"నడుంతో పనేముంది? తాడు కొసను పక్క స్తంభానికి రెండు చుట్లు వెయ్యి. వెనక్కి జారకుండా కూర్చునే పట్టుకుంటాను."

కుర్చీతో సహా ఆయన్ని అరుగెక్కించారు. అచ్చులమ్మ తాడు లాగింది. వడ్రంగి గునపంతో పక్కకు పోకుండా సర్దాడు. పంతులమ్మ యంత్రం కదిలిన ప్రతిసారీ వెనక ఏటవాలు చెక్కముక్క అడ్డుపెట్టింది. లాగడం, ఆగడం, ఊపిరి తీసుకోవడం. చుట్టిన తాడును ఆయన రెండు వేళ్లతో పట్టుకున్నట్టే పట్టుకుని, యంత్రం అంతా తనే ఆపుతున్నట్టు మీసం దువ్వాడు. ఎవరూ కాదనలేదు.

కిందటిసారి విరిగిన చోటు దాటింది. దూలం ఒకసారి మూలిగింది కానీ వంగలేదు. అచ్చులమ్మకు చేతులు మండుతున్నాయి. అయినా ఈ మంట వేరు. తుప్పు గీకిననాడు పోయినదాని కోసం పడ్డ మంట అది. ఇవాళ్టిది దక్కేదాని కోసం.

"ఇంకొక్క బార వదినా."

లాగింది. ముందు గొట్టం అరుగు అంచు దాటింది. యంత్రం ఒకసారి ఊగి, బరువంతా అరుగు మీదికి వేసి, నిలబడిపోయింది. అచ్చులమ్మ తాడు వదిలేసి పంతులమ్మను కావలించుకుంది. ఇద్దరి ముఖాలూ మసే.

వీధి మొదట్లో నీళ్లు కనబడే వేళకు మేస్త్రీ ముగ్గురు మనుషులతో పరుగెత్తుకొచ్చాడు. ఖాళీ గదిని చూసి, అరుగు మీది యంత్రాన్ని చూసి, గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఎవరెత్తారమ్మా?"

"ఎవరూ ఎత్తలేదు. అదే ఎక్కింది" అంది అచ్చులమ్మ.

అతను దూలాలను, గిలకలను, గొట్టాలను వరసగా చూశాడు. బరువులతో బతికిన మనిషి, ఎవరూ విడమరచి చెప్పనవసరం లేకపోయింది. "పిండిమిల్లు ఆవిడ మోటారు అక్కడే ఉండిపోయింది. ఇవి ఒక్కసారి ఇస్తారా? పంతులమ్మగారూ, మీరు కూడా రావాలి."

"నేను ఒక్కదాన్నే వస్తే సరిపోదు" అంది పంతులమ్మ. "ఏ మూల బరువో చూసి చెప్పేది మా వదిన."

పాదాలు తడుస్తుండగా ఇద్దరూ పిండిమిల్లుకు నడిచారు. మోటారు గట్టెక్కింది. ఆ తరవాత దర్జీ ఇనుప బీరువా కూడా.

రాత్రి వచ్చిన నీళ్లు ప్రెస్సు గదిలో తొడలోతు నిలిచాయి. అరుగును తాకలేదు. ఊళ్లో కరెంటు పోయింది. పెద్ద ప్రెస్సులన్నీ మూగబోయాయి. మర్నాడు పొద్దున్న పురపాలక సంఘం గుమాస్తా పంట్లాం మడుచుకుని నీళ్లలో కాళ్లీడ్చుకుంటూ వచ్చాడు. మంచినీళ్లు ఎక్కడ దొరుకుతాయో, డాక్టరు ఏ బళ్లో కూర్చున్నాడో ఊరంతటికీ తెలపాలి. కరెంటు లేకుండా అచ్చువేసే యంత్రం ఎక్కడైనా ఉందా అని అడిగాడు.

పంతులమ్మ విషయం చదువుతుంటే అచ్చులమ్మ, ముందురోజే అరుగు మీదికి చేర్చిన పెట్టెల్లోంచి అక్షరాలు తీసి పేర్చింది. భర్త కుర్చీలో కూర్చుని తప్పులు దిద్దాడు. సిరా పూసి, కాగితం పెట్టి, ఆమె పెడలు మీద కాలు వేసింది. చక్రం ఒక చుట్టు బద్ధకంగా తిరిగి, రెండో చుట్టుకు జోరందుకుంది. టకటక శబ్దం నీళ్ల మీదుగా వీధి చివరిదాకా వెళ్లింది. మేడల మీద, కిటికీల్లో జనం తలలు తిప్పి చూశారు. మొదటి కాగితం తీసి వెలుతురుకు పట్టి చూసింది అచ్చులమ్మ. ప్రతి అక్షరం నల్లగా, నిండుగా, తీరుగా పడింది.