ప్లూటో తీగ

బల్లలు తుడిచి, గాజు గొట్టాలు కడిగి బోర్లించేసరికి వరదానం చొక్కా వీపుకి అతుక్కుపోయింది. బడి ల్యాబులో అటెండరుగా ఇరవై రెండేళ్లుగా ఇదే పని. యాసిడ్ చుక్కలు పడి మచ్చలు తేలిన చేతులు. ఇవాళ ఆ చేతులు ఇనప బీరువా దగ్గరికి వచ్చి ఆగిపోతున్నాయి. సాయంత్రం సైన్సు టీచరు జ్ఞానప్రసూనాంబ గారు రిటైరై వెళ్లిపోతున్నారు. మూడేళ్లుగా దాచుకున్న మాట ఇవాళైనా ఆవిడతో చెప్పెయ్యాలి.

బీరువాలో ఉన్నది సౌరకుటుంబం. చెక్క మీద తీగ చుట్లు, వాటి మీద జరిగే పూసలు. నెప్ట్యూన్ దారినీ ప్లూటో దారినీ కాగితం మీద గీస్తే ఒకదాన్నొకటి దాటతాయి. ఎప్పుడో గుద్దుకుంటాయేమోనని పిల్లల భయం. ప్లూటో దారి ఏటవాలుగా లేచి ఉంటుందనీ, రెండూ ఎన్నటికీ కలవవనీ చూపించడానికే ఆవిడ వారం రోజులు కూర్చుని ఆ తీగని పైకి వంచారు.

మూడేళ్ల కిందటి మాట అది. మర్నాడు ఏలూరులో సైన్సు ప్రదర్శన. లేచిన తీగ అడ్డొచ్చి బీరువా తలుపు మూసుకోలేదు. ఏం చేశాడు వరదానం మహానుభావుడు? సుత్తి తీసుకుని తీగని చదును చేసేశాడు. తాళం వేసుకుని, ఇంటికెళ్లి హాయిగా భోంచేశాడు.

ఏలూరులో ఆవిడ బొమ్మ మీద కప్పిన గుడ్డ తీసేసరికి జడ్జీలు ఎదురుగానే ఉన్నారు. పూసలు జరిపితే రెండూ టక్కున గుద్దుకున్నాయి. "ప్రళయమేనండీ టీచరుగారూ!" అన్నాడొకాయన. హాలంతా నవ్వు. ఆవిడ తల దించుకున్నారు. మళ్లీ ఆ బొమ్మని క్లాసుకి తీసుకెళ్లలేదు.

ఇవాళ సాయంత్రం గుండుగొలను సెంటర్లో, ఆవిడ సంచీ పట్టుకుని వరదానం తాడేపల్లిగూడెం బస్సు కోసం నిలబడ్డాడు.

"ప్లూటోని గ్రహాల్లోంచి తీసేశారట వరదానం. మంచిదే అయింది. ఆ తీగ వంచడం నాకు చేతకాలేదు."

"టీచరుగారండీ... ఆ తీగండీ..."

"ఆఁ, చెప్పు."

ఆవిడ తీరిగ్గా అతని మొహంలోకి చూశారు. బస్సు ఇంకా ఎక్కడో దూరాన ఉంది.

"తుప్పు పట్టిందండీ," అన్నాడు.

ఛీ, ఏం నోరది!

"పట్టనీలే," అని నవ్వారావిడ. బస్సొచ్చింది. కిటికీలోంచి చెయ్యూపి వెళ్లిపోయారు.

వరదానం తిరిగొచ్చి ల్యాబు తాళం తీశాడు. పటకారుతో తీగని మెల్లగా, ఆవిడ వంచినట్టే పైకి వంచాడు. పూసలు జరిపాడు. ఒకటి పైనుంచి, ఒకటి కిందనుంచి, తగలకుండా పోయాయి. చూడ్డానికి ఎవరున్నారు గనక? కళ్లు తుడుచుకుని బొమ్మని బీరువాలో పెట్టాడు. తలుపు పట్టలేదు. అలాగే వదిలేసి ఇంటికి నడిచాడు.

బెత్తెడు తెరుచుకున్న బీరువాలోంచి, సుత్తి దెబ్బల నొక్కులతో, ప్లూటో తీగ బయటికి పొడుచుకొచ్చి ఉంది.