మూఢంలో కొలిచిన పని

మా కన్సల్టింగ్ కంపెనీలో నా పని, వేరేవాళ్ల పనిని కొలవడం. ఎవరు ఎంతసేపు కూర్చున్నారు, ఎంతసేపు నిలబడ్డారు, ఎంతసేపు టీ తాగారు అని రాసుకుని, రంగురంగుల స్లైడులుగా మార్చి వాళ్ల యజమానికే చూపించాలి. నేనేం ఉద్యోగం చేస్తానో మా అమ్మకు నాలుగేళ్లుగా అర్థం కాలేదు. నాకూ పూర్తిగా అర్థం కాలేదు గానీ, నేను ఒప్పుకోలేదు.

ఈసారి కొలిచింది షేక్‌పేటలో ఒక గోడౌన్. సినిమా సెట్లకూ పెళ్లి మండపాలకూ సింహాసనాలు, పల్లకీలు, ఇత్తడి దీపాలు అద్దెకిచ్చే చోటు. నిర్మాత వీరరాఘవయ్యగారిది. పనివాళ్లు ఇరవై మంది, వాళ్లకు పెద్ద నీలమ్మ. మూడు వారాలు అక్కడ ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, ఫోన్లో టైమర్ పెట్టుకుని కూర్చున్నాను. రోజుకు ఒక్క వ్యాన్ గేటు దాటితే గొప్ప. మగవాళ్లు అష్టాచెమ్మా ఆడుకునేవారు. నీలమ్మ చింతపండుతో దీపాలు తోముతూ, మధ్యాహ్నమైతే తన డబ్బాలోంచి నాకూ ఇంత పచ్చిపులుసు పోసేది. అది తిన్న చేత్తోనే రాశాను, ఇరవై మందిలో పద్నాలుగు మంది అక్కర్లేదని. జాబితాలో మొదటి పేరు నీలమ్మదే.

ఆ జాబితా వీరరాఘవయ్యగారికి చూపించాల్సిన రోజు పొద్దున్నే మళ్లీ గోడౌన్‌కు వెళ్లాను. ఖాళీ ఆవరణ ఫోటో ఒకటి స్లైడులో ఉంటే బాగుంటుందని మా మేనేజర్ రవిచంద్ర సలహా. తీరా వెళ్తే ఆటో ఆగడానికే చోటు లేదు. వ్యాన్లు ఫ్లైఓవర్ కింది దాకా బారులు తీరి ఉన్నాయి. ఇరవై మందీ చెమటలు కక్కుతూ సామాన్లు మోస్తున్నారు. మధ్యలో నీలమ్మ కొంగు నడుముకు చుట్టుకుని కేకలేస్తోంది.

"ఏమైంది నీలమ్మా, ఇవాళ ఇంత హడావుడి?"

"మూఢాలు అయిపోయినయ్ గద బిడ్డా! ఎల్లుండి ఒక్కనాడే మూడు సినిమాల ఓపెనింగులు, ఆరు పెండ్లిళ్లు. జర పక్కకు జరుగు."

"అంటే నేనొచ్చినప్పుడు..."

"నువ్వొచ్చినప్పుడు మూఢాలే గద. గప్పుడు ఎవ్వలన్న కొత్త పని సురువు జేస్తరా?"

"మరి నాకు చెప్పలేదేం?"

"నీకెర్క లేదనుకుంటనా? గంత సదువుకున్నదానివి!"

నా మీద నాకే కోపం వచ్చింది. మూఢంలో పెళ్లి చేయరు, సినిమాకు కొబ్బరికాయ కొట్టరు. నడుస్తున్న షూటింగులకు కావలసినవి అంతకుముందే బండెక్కేస్తాయి. మా వంటింటి క్యాలెండర్ అడిగినా చెప్పేది. పని లేని రోజుల్లో కూర్చుని, పని లేదని తేల్చిన మేధావిని నేను.

ఫిల్మ్‌నగర్ మీదుగా జూబ్లీహిల్స్‌లోని వీరరాఘవయ్యగారి ఆఫీసుకు వెళ్తూ ఆటోలోంచే రవిచంద్రకు ఫోన్ చేసి చెప్పాను.

"గీతికా, మీటింగ్ ఇంకో అరగంటలో ఉంది. కింద చిన్న అక్షరాల్లో ఒక నోట్ పెట్టేద్దాం. ఆయన చదవరు."

"పద్నాలుగు మంది సర్."

"ఇప్పుడు తప్పు ఒప్పుకుంటే ప్రాజెక్టు పోతుంది. దానికంటే ముందు నీ ప్రమోషన్ పోతుంది. ఆలోచించుకో."

ఆలోచించుకున్నాను. ప్రమోషన్ అంటే నాకు ప్రాణం, అబద్ధమెందుకు? మీటింగ్ గది తలుపు తోసేటప్పటికి కూడా చెప్పాలో వద్దో తేలలేదు.

వీరరాఘవయ్యగారు మొదటి పది స్లైడులూ ఓపిగ్గా చూశారు. పేర్ల జాబితా ఉన్న పదకొండోది రాగానే కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"నీలమ్మ కూడానా అండీ? మా నాన్నగారి రోజుల నుంచీ ఉంది. సరే... మీరు అన్నీ చూసే చెబుతున్నారు కాబట్టి, కానివ్వండి."

ఆయన పెన్ను చేతిలోకి తీసుకున్నారు. అంతే, నా నోరు ఆగలేదు.

"వద్దండీ! నేను కొలిచింది మూఢంలో. ఆ లెక్క తప్పు. తప్పు నాదే."

రవిచంద్ర గ్లాసెడు నీళ్లు గటగటా తాగేశాడు. వీరరాఘవయ్యగారు నన్ను ఎగాదిగా చూశారు.

"మూఢమని నాకు తెలుసమ్మా. అప్పుడైతే వాళ్లు తీరిగ్గా ఉంటారు, అడిగినవన్నీ చెబుతారని నేనే మిమ్మల్ని ఆ రోజుల్లో రమ్మన్నాను. అంత పెద్ద కంపెనీ కదా, ఆ సంగతి లెక్కలో వేసుకునే ఉంటారనుకున్నాను."

నాకు తెలుసని నీలమ్మ అనుకుంది. మాకు తెలుసని ఆయన అనుకున్నారు. మాకు తెలియనిదంటూ ఉండదని మేం అనుకున్నాం.

ఆయన పెన్ను మూత పెట్టేసి నవ్వారు. "మంచి రోజుల్లో ఇంకో మూడు వారాలు చూసి చెప్పండి. అప్పుడు మాట్లాడుకుందాం."

"ఇది రెండో దశగా ప్లాన్ చేద్దాం సర్," అన్నాడు రవిచంద్ర వెంటనే. తప్పుకు మంచి పేరు పెట్టడంలో మావాళ్ల తర్వాతే ఎవరైనా. లిఫ్టులో మాత్రం నెమ్మదిగా, "నేనైతే చెప్పేవాణ్ణి కాదు గీతికా," అన్నాడు. కోపంగా లేడు. కాస్త సిగ్గుపడుతున్నట్టున్నాడు.

గేటు బయట ల్యాప్‌టాప్ తెరిచి, పదకొండో స్లైడు తీసేశాను. హమ్మయ్య! పొద్దుటి నుంచీ గుండెల మీద కూర్చున్నదేదో లేచి వెళ్లిపోయినట్టుంది. ఆకలి కూడా తెలిసింది. అప్పుడు నీలమ్మకు ఫోన్ చేశాను.

"మళ్లీ మూడు వారాలు వస్తున్నాను నీలమ్మా."

"రా బిడ్డా. గని గిప్పుడు కూసునేటందుకు జాగ లేదు." గొంతు తగ్గించి అడిగింది. "ఒక్క మాట. ఎవల్ని తీసెయ్యమని రాసినవ్?"

"మీకు తెలుసా?"

"ఎర్కనే బిడ్డా. మొదటినాడే ఎర్క. నెల సంది ఈడ ఎవ్వలకు కంటి మీద కునుకు లేదు."

"రాసింది కొట్టేశాను నీలమ్మా. అందరి పేర్లూ."

ఆమె ఫోన్ చెవికి దూరం పెట్టి, గోడౌన్ అదిరేలా అరిచింది.

"ఇంటున్నరా అందరు? కొట్టేసిందంట! అందరి పేర్లు కొట్టేసిందంట!"